బండి కిందికి దింపాక టైర్లు లోపల్నించి అరక్కుండా అలైన్‌మెంట్ ఎలా చేయించుకోవాలి

బండి దింపడం అంటే పొట్టి స్ప్రింగులు వేసి బండి ఎత్తు తగ్గించడం, అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. ముందు ఒక పని చేయండి. బండి నీడలో ఆపి, చల్లారాక, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి ముందు టైరు లోపలి అంచు చేత్తో తడమండి, అంటే ఇంజన్ వైపు ఉండే అంచు, మనం పక్కన నిలబడితే అసలు కనపడనిది. తర్వాత అదే చేత్తో బయటి అంచు తడమండి. రెండూ ఒకేలా తగిలితే సంతోషం, తీరిగ్గా చదవండి. లోపలి వైపు నున్నగానో, రంపం పళ్లలా గరగరగానో తగిలితే మాత్రం ఈ వారంలోనే అలైన్‌మెంట్ చేయించండి, తీగలు బయటపడి ఉంటే అసలు బండి తీయకండి.

నాది 2014 స్విఫ్ట్, 185/65 ఆర్15 టైర్లు, ఉండేది విజయవాడలో. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ, ముందు 35, వెనక 30 మి.మీ దించే స్ప్రింగులు వేయించా. వేసిన షాపతను అలైన్‌మెంట్ అక్కర్లేదు బ్రో, స్టీరింగ్ స్ట్రెయిట్‌గానే ఉంది కదా అన్నాడు, నిజంగానే బండి ఎటూ లాగట్లేదు, స్టీరింగ్ వదిలినా తిన్నగా పోతోంది, అందుకని నేనూ నమ్మేశా. 6,000 కి.మీ తిరిగాక ఒకరోజు పంక్చర్ వేయించడానికి ఆపితే, ఆ కుర్రాడు టైరు ఊడదీసి నేల మీద పడుకోబెట్టి "అన్నా, ఇటు రండి, ఇది చూడండి" అని పిలిచాడు. బయట వైపు గాడులు ఇంకా 5 మి.మీ లోతున్నాయి, లోపలి అంచులో రెండు వేళ్ల వెడల్పున రబ్బరు లేదు, సన్నటి తీగలు వెంట్రుకల్లా పైకి లేచి ఉన్నాయి, చెయ్యి పెడితే గుచ్చుకున్నాయి. అంతకుముందు రోజే అమ్మని, నాన్నని ఎక్కించుకుని ఏలూరు నుంచి హైవే మీద వందలో వచ్చా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. ఇదంతా రాస్తోంది అందుకే, దింపిన బండి నడిపేవాళ్లు ఎవరూ ఆ తీగలు చూసే పరిస్థితి తెచ్చుకోకూడదు.

అసలు ఏం జరుగుద్దో అర్థమైతే మిగతాదంతా తేలిక. స్ప్రింగ్ పొట్టిదైతే చక్రం ఒక్కటే పైకి వెళ్లదు, చక్రాన్ని కింద పట్టుకుని ఉన్న లోయర్ ఆర్మ్, చక్రాన్ని స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ రెండూ తమ తమ కోణాలు మార్చుకుంటాయి. లోయర్ ఆర్మ్‌ని గడియారం ముల్లు అనుకోండి, ఛాసిస్ వైపు బుష్ (రబ్బరు కీలు) మధ్యలో, చక్రం వైపు బాల్ జాయింట్ ముల్లు చివర. మామూలు ఎత్తులో ఆ ముల్లు 3కీ 4కీ మధ్య ఉంటుంది, అంటే చివర కొంచెం కిందికి. బండి దిగేకొద్దీ అది 3 వైపు వస్తుంది, అలా వచ్చేటప్పుడు ముల్లు చివర బయటికి జరుగుతుంది, దాంతో చక్రం కింది భాగం బయటికి నెట్టుకుపోయి పై భాగం లోపలికి వాలినట్టు అవుద్ది. దీన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. 3 దాటి 2 వైపు పోయిందంటే చివర మళ్లీ లోపలికి రావడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి మలుపుల్లో బండి ఒరిగేటప్పుడు టైరుకి దొరకాల్సిన క్యాంబర్ సాయం తగ్గిపోద్ది. అందుకే మరీ నేలకి ఆనించిన బండి చూడ్డానికి రేస్ కారులా ఉన్నా మలుపులో స్టాక్ బండి (కంపెనీ ఎత్తులోనే ఉన్నది) కంటే అధ్వాన్నంగా తిరుగుతుంది. ఇలా స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే స్ట్రట్‌గా ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లకి 30, 35 మి.మీ దగ్గర ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక టై రాడ్. దాని పొడవు వేరు, దాని ఇరుసు ఉన్న చోటు వేరు, కాబట్టి లోయర్ ఆర్మ్ గీసే వంపు ఒకటి, టై రాడ్ గీసే వంపు ఇంకొకటి. ఆ రెండిటి తేడా అంతా చక్రాన్ని స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేస్తుంది. పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగాలు ఒకదానికొకటి దగ్గరైతే టో ఇన్, దూరమైతే టో ఔట్. ఎటు తిరుగుతాయనేది స్టీరింగ్ రాక్ (టై రాడ్లని అటూ ఇటూ నెట్టేది) ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది అనే దాని మీద ఆధారపడి కారు కారుకీ మారుద్ది, నా బండిలో టో ఔట్‌కి పోయింది. రెండు చక్రాలూ సమానంగా బయటికి తిరిగితే ఒకటి ఎడమకి లాగితే ఇంకొకటి కుడికి లాగుతుంది, లెక్క సరిపోయి బండి తిన్నగా పోతుంది. అంటే బండి లాగట్లేదు కాబట్టి అలైన్‌మెంట్ బాగుంది అనే మాటలో అర్థం లేదు, నా టైర్లు పోయింది సరిగ్గా ఆ మాట వల్లే.

చాలామంది క్యాంబర్‌ని తిడతారు, కానీ అసలు దొంగ టో. ఆ రోజు తీయించిన అలైన్‌మెంట్ ప్రింట్‌లో క్యాంబర్ ఎడమ −1°25', కుడి −1°05', మొత్తం టో −1°24', అంటే ఒక్కో చక్రం 42 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం) బయటికి, డిగ్రీలో చెప్తే 0.7. ఈ 0.7 చిన్న సంఖ్యలా కనిపిస్తుంది కానీ లెక్క వేస్తే చక్రం చూస్తున్న దిక్కుకీ బండి పోతున్న దిక్కుకీ కిలోమీటరుకి సుమారు 12 మీటర్ల తేడా, ఆ 12 మీటర్లూ టైరు పక్కకి ఈడ్చుకుపోవాలి. అందులో కొంత రబ్బరు సాగి సర్దుకుంటుంది, మిగతాది రోడ్డుకి రాసుకుంటుంది. 6,000 కి.మీ.కి కలిపితే 73 కి.మీ, దాదాపు విజయవాడ నుంచి గుంటూరు పోయి వచ్చినంత దూరం టైరుని అడ్డంగా లాక్కెళ్లినట్టు. పైగా నెగెటివ్ క్యాంబర్ వల్ల బరువు లోపలి అంచు మీదే ఎక్కువ పడుతోంది కదా, కాబట్టి ఆ రాపిడి ఎక్కువగా పడేదీ ఆ అంచు మీదే. క్యాంబర్ ఒక్కటే −1° ఉండి టో సరిగ్గా ఉంటే ఆ టైరు హాయిగా బతుకుద్ది, లోపలి వైపు కొంచెం ముందు అరుగుద్ది అంతే.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

దింపక ముందే, స్టాక్ ఎత్తులో ఉన్నప్పుడే ఒకసారి అలైన్‌మెంట్ మెషిన్ మీద పెట్టించి ప్రింట్ తీసుకుని దాచుకోండి, ఏమీ మార్చొద్దు, కొలత చాలు. తర్వాత ఏదైనా తేడా వస్తే అది స్ప్రింగుల వల్ల వచ్చిందా, అంతకుముందే ఏదో గోతిలో పడి ఆర్మ్ వంగిందా అని తేల్చడానికి ఆ కాగితమే ఆధారం. అలాగే జాకీ వేసి చక్రం గాల్లోకి లేపి 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి, కటకటమంటే టై రాడ్ ఎండ్ పోయింది. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తే బాల్ జాయింటో బేరింగో చూడాలి. అరిగిన జాయింట్ మీద ఎంత గొప్ప మెషిన్‌తో చేసినా షాపు గేటు దాటేసరికి ఆ రీడింగ్ మారిపోద్ది, డబ్బు దండగ.

స్ప్రింగ్ కోసే పని మాత్రం వద్దు. ఆటోనగర్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ రెండు చుట్లు కోసి పారేస్తాం, వేడి చేసి కూర్చోబెడతాం అనేవాళ్లు ఉంటారు, తక్కువలో అయిపోద్ది. కోసిన స్ప్రింగ్‌కి చివర సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు పక్కకి తప్పుకుంటుంది, వేడి చేసిన దానికి ఉక్కు పదును పోయి ఒక్కో పక్క ఒక్కోలా కుంగుతుంది. ఎడమ కుడి ఎత్తు 10 మి.మీ తేడా ఉన్న బండికి అలైన్‌మెంట్ అనే మాటే లేదు. మీ మోడల్‌కే చేసిన స్ప్రింగులు కొనండి, డబ్బు చాలకపోతే ఆగండి. ఇంకోటి, మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం బండిలో మార్పుల మీద ఆంక్షలున్నాయి, ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, క్లెయిమ్ రోజున గొడవ పడే కంటే అది నయం.

ఫిట్ చేసేటప్పుడు దాదాపు ఎవరూ పట్టించుకోనిది, నేను మాత్రం దగ్గరుండి చేయించేది ఒకటి ఉంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు. ఆ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అంటుకుని ఉంటుంది, బోల్టు బిగించగానే ఆ గొట్టం ఛాసిస్‌కి పట్టేస్తుంది, ఇక ఆర్మ్ కదిలినప్పుడల్లా ఆ రబ్బరే మెలితిరగాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించేస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకి మామూలు స్థితి అవుద్ది, బండి దించగానే రోజంతా అది మెలిపడి ఉంటుంది, బండిని కొంచెం పైకి తోస్తూ ఉంటుంది, కొన్ని నెలలకి చీలుతుంది, చీలాక ఎత్తు మారి అలైన్‌మెంట్ మళ్లీ పోద్ది. అందుకని దింపేటప్పుడు ఆ బోల్టులు వదులు చేయించి, బండి తన బరువు మీద తను నిలబడ్డాక, గుంతలో దిగిగానీ, నాలుగు చక్రాలూ ఆనే ర్యాంప్ మీదగానీ, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) బిగించమనండి. వెనక టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే దూలం) బుష్‌కి కూడా ఇదే పద్ధతి. మెకానిక్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. అదే టైంలో బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు బిగుసుకుంటున్నాయేమో, టైరు ఫెండర్ లైనర్‌కి తగులుతుందేమో చూసుకోండి. బంప్ స్టాప్ (బండి పూర్తిగా కుంగినప్పుడు ఆనే రబ్బరు దిమ్మ) కోయాలా వద్దా, ఎంత కోయాలి అనేది స్ప్రింగ్ తయారుచేసినవాళ్ల కాగితంలో ఉంటుంది, అందాజుగా కోయొద్దు.

వేసిన రోజే టో ఒక్కటి సరిచేయించి ఇంటికి తీసుకెళ్లండి, తర్వాత 400, 500 కి.మీ నడిపాక పూర్తి అలైన్‌మెంట్. కొత్త స్ప్రింగులు, రబ్బర్లు సర్దుకోవడానికి ఆ మాత్రం తిరగాలి, నా బండి ముందు వైపు ఇంకో 4 మి.మీ దిగింది. ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్యకి టేపుతో నాలుగు చోట్లా కొలిచి ఫోన్‌లో రాసుకోండి, వారం తేడాతో రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె వచ్చిందంటే సర్దుకున్నట్టు. ఎలాగూ చివర్లో చేయిస్తాం కదా అని ఆ 500 కి.మీ తప్పుడు టో మీద నడిపితే కొత్త టైరు అయినా పళ్లు పడుతుంది, ఒకసారి పళ్లు పడితే అలైన్‌మెంట్ బాగుపడ్డా హమ్మని శబ్దం చాలా రోజులు పోదు.

అలైన్‌మెంట్‌కి వెళ్లే ముందు పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్ పెట్టించండి, మన విజయవాడ ఎండలో మధ్యాహ్నం పెట్టిస్తే ఆ అంకెకి అర్థం ఉండదు. డిక్కీలో సామాను తీసేయండి, పెట్రోల్ సగం ట్యాంక్ చాలు. నేను రోజూ ఒక్కణ్ణే నడుపుతా, అందుకని ఇంట్లో ఉన్న 25 కేజీల బియ్యం బస్తాలు మూడు తీసుకెళ్లి డ్రైవర్ సీట్లో పెట్టి కొలిపించా, నా బరువుకి సరిపోద్ది. షాపులో అందరూ వింతగా చూశారు, కానీ దింపిన బండికి ఆర్మ్ కోణం అప్పటికే మారి ఉంటుంది కాబట్టి కొంచెం కుంగినా టో కదులుతుంది, నాకు బస్తాలు పెట్టగానే స్క్రీన్ మీద 5 నిమిషాలు కదిలింది.

షాపులో కుర్చీలో కూర్చోకండి, బండి పక్కనే నిలబడండి. త్రీడీ మెషిన్ అయితే చక్రాలకి బోర్డులు బిగించాక బండిని కొంచెం వెనక్కీ ముందుకీ తోయాలి, రిమ్ము వంకరనీ బిగింపు తేడానీ మెషిన్ లెక్కలోకి తీసుకునేది అప్పుడే. ఇది చేయకుండా నేరుగా రీడింగ్ చూపిస్తే ఆపి అడగండి. స్క్రీన్ మీద ఎంచుకున్న మోడల్ మీదేనా, సంవత్సరం సరిపోయిందా చూడండి. నాకు ఒకచోట వేరే మోడల్ పెట్టి అన్నీ గ్రీన్ చూపించి ప్రింట్ ఇచ్చేశారు, ఇంటికొచ్చాక ఆ పేరు చూసి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ముందు చక్రాల కింద తిరిగే ప్లేట్ల పిన్నులు తీశారా, బ్రేక్ పెడల్‌కి కర్ర పెట్టారా, టో సరిచేసే ముందు స్టీరింగ్ తిన్నగా పెట్టి లాక్ చేశారా, ఇవన్నీ రెండు నిమిషాల్లో కంటితో చూసుకునేవే.

పని వరస కూడా ముఖ్యం. మొదట వెనక చక్రాల కొలత, తర్వాత ముందు క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు, పక్కనుంచి చూస్తే వెనక్కి ఎంత వాలింది అనే కోణం), తర్వాత క్యాంబర్, అన్నిటికంటే చివర ముందు టో. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది, కాబట్టి టో పెట్టాక క్యాంబర్ ముట్టుకుంటే మళ్లీ మొదటికి రావాలి. టై రాడ్ తిప్పేటప్పుడు చూడండి, చెక్ నట్ (రాడ్ కదలకుండా పట్టే నట్) వదులు చేసి రాడ్ తిప్పితే ఒక పూర్తి చుట్టుకి అర డిగ్రీ పైనే మారుతుంది, మనకి కావాల్సింది నిమిషాల్లో, అందుకని పానా పట్టిన చెయ్యి చాలా నెమ్మదిగా తిరగాలి. తిప్పాక రబ్బరు బూట్ మెలిపడి ఉండిపోతే చిరిగి రాక్‌లోకి మట్టి పోద్ది, దాన్ని సరిచేయమనండి. చెక్ నట్ బిగించేటప్పుడు కూడా రీడింగ్ కదులుద్ది, బిగించాక వచ్చిన అంకే అసలు అంకె, ప్రింట్ ఆ తర్వాతే తీయాలి.

ఆ కాగితం చదవడం నేర్చుకోండి, కష్టమేమీ కాదు. ముందు అది డిగ్రీలు నిమిషాల్లో ఉందా, దశాంశంలో ఉందా చూడండి. 0°30' అంటే 0.30 కాదు, 0.5 డిగ్రీ, ఎందుకంటే డిగ్రీకి 60 నిమిషాలు. ఈ ఒక్క పొరపాటుతో మెకానిక్‌లు కూడా తప్పు పెట్టేస్తారు. తర్వాత టో. మొత్తం టో ఒక్కటే చూసి సరే అనుకోకండి, ఎడమ కుడి విడివిడిగా సమానంగా ఉన్నాయా చూడండి, లేకపోతే స్టీరింగ్ వంకరగా ఉంటుంది. నా లెక్కలో రోడ్డు మీద తిరిగే దింపిన బండికి ముందు మొత్తం టో సున్నా నుంచి కొద్దిగా ఇన్, నాకైతే +0°06' దగ్గర పెట్టించా, మీకు కంపెనీ టో రేంజ్ ఎంతో దానిలోపలే ఉండండి. క్యాంబర్ ఎరుపులో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, దింపాం కాబట్టి −1° పైన చూపించడం మామూలే, రెండు పక్కల మధ్య తేడా 20, 30 నిమిషాల లోపు ఉంటే చాలు. టో మాత్రం ఎరుపులో ఉండగా బండి బయటికి తీయొద్దు. క్యాస్టర్ పెద్దగా మారదు, కానీ ముందు వైపు వెనక కంటే 20 మి.మీ ఎక్కువ దింపితే 2,430 మి.మీ వీల్‌బేస్ ఉన్న నా స్విఫ్ట్ లాంటి బండికి దాదాపు అర డిగ్రీ తగ్గిపోద్ది, హైవే మీద స్టీరింగ్ తేలికై అటూ ఇటూ తడబడినట్టు ఉంటుంది.

క్యాంబర్ మరీ ఎక్కువైతేనో, రెండు పక్కలా తేడా ఉంటేనో క్యాంబర్ బోల్టులు వాడొచ్చు. స్విఫ్ట్‌లో స్ట్రట్‌ని నకుల్‌కి (చక్రం హబ్‌ని మోసే ముక్క) రెండు బోల్టులు పట్టుకుని ఉంటాయి, అందులో ఒకదాని స్థానంలో గుడ్డులా పక్కకి ఉబ్బిన నడుమున్న బోల్టు వేసి తిప్పితే చక్రం పైభాగం లోపలికో బయటికో జరుగుతుంది. నేను రెండు పక్కలా వేయించి ఎడమ −1°05', కుడి −1°00' కి తెచ్చుకున్నా. ఈ బోల్టు నడుము అసలు దాని కంటే సన్నం, కాబట్టి దాని కాగితంలో రాసిన టార్క్‌కే బిగించాలి, బిగించాక తల మీద నుంచి స్ట్రట్ దాకా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి, నెలకోసారి చక్రం వెనక టార్చ్ వేసి చూస్తే గీత విరిగిందో లేదో తెలిసిపోద్ది. పోలో ఉన్నవాళ్లకి ఈ బోల్టులు పనికిరావు, అందులో స్ట్రట్ నకుల్‌లోకి దిగి బిగుసుకుంటుంది.

వెనక సంగతి క్లుప్తంగా. స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటివాటికి వెనక టోర్షన్ బీమ్, అందులో తిప్పడానికి ఏమీ లేదు, దింపినా టో, క్యాంబర్ పెద్దగా మారవు. కొలత తేడాగా వస్తే బీమో హబ్బో వంగిందని అర్థం. వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్నీ విడిగా కొన్ని ఆర్మ్‌లు పట్టుకునే పద్ధతి) ఉన్న సెడాన్‌లకి మాత్రం దింపగానే క్యాంబర్, టో రెండూ మారతాయి, అక్కడ లోపలి అంచు ముందు టైర్ల కంటే వేగంగా పోద్ది, మనం వెనక టైరు లోపలి వైపు అసలు చూడం కాబట్టి ఇంకా ప్రమాదం. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ సున్నా చేయించండి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా ఒకసారి చూపించండి.

ఇంట్లో దారంతో చెక్ చేసుకునే పద్ధతి కూడా చెప్తా, నేను నెలకోసారి చేస్తా, మెషిన్‌తో పోల్చి చూసుకున్నా, నాలుగైదు నిమిషాల తేడాలో వస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చదునుగా ఉన్న చోట బండిని ముందుకి నాలుగైదు మీటర్లు తోసుకొచ్చి స్టీరింగ్ తిన్నగా ఆపండి, రివర్స్ తీసి ఆపితే కొలత తప్పొస్తుంది. మేస్త్రీలు గోడకి కట్టే నైలాన్ దారం రెండు పక్కలా బండి ముందు నుంచి వెనక దాకా, చక్రాల మధ్య ఎత్తులో, నాలుగు స్టాండ్లకి లాగి కట్టండి. దారం నుంచి ముందు హబ్ మధ్యకి దూరం ఎడమ ఎంతో కుడి అంతే ఉండాలి, వెనక హబ్‌కి కూడా ఎడమ కుడి సమానం, ముందూ వెనకా ఒకటే అవ్వక్కర్లేదు ఎందుకంటే రెండు ఇరుసుల వెడల్పు ఒకటి కాదు. ఇది సరిచేయడానికే ఇరవై నిమిషాలు పడుద్ది, ఓపిక పట్టండి, ఇక్కడ తప్పితే అంతా తప్పే. తర్వాత స్టీల్ స్కేలుతో దారం నుంచి రిమ్ము ముందు అంచుకి ఒక కొలత, వెనక అంచుకి ఒక కొలత. ముందు దూరం ఎక్కువైతే టో ఇన్, వెనక దూరం ఎక్కువైతే టో ఔట్. 15 అంగుళాల రిమ్ముకి 1 మి.మీ తేడా అంటే దాదాపు 8, 9 నిమిషాలు. 3 మి.మీ తేడా కనపడిందంటే దాదాపు అర డిగ్రీ, అది ఒక్క చక్రానికే, ఇంక ఆలస్యం చేయొద్దు.

దారం కట్టే ఓపిక లేకపోతే చెయ్యే మెషిన్. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రుద్దండి. బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు గరుగ్గా తగిలి, వెనక్కి పోయేటప్పుడు నున్నగా ఉంటే టో ఔట్. లోపలి నుంచి బయటికి పోయేటప్పుడు గరుకైతే టో ఇన్. రెండు వైపులా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రమే తక్కువ ఎత్తులో ఉంటే అది క్యాంబర్. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడా గుంటలు గుంటలుగా ఉంటే షాకబ్జర్ల మీద అనుమానపడండి, స్టాక్ షాక్‌ల మీద పొట్టి, గట్టి స్ప్రింగులు వేసినప్పుడు అవి త్వరగా అలిసిపోతాయి. కొలవడానికి చిన్న ట్రెడ్ డెప్త్ గేజ్ కొనుక్కోండి, లోపల, మధ్య, బయట మూడు చోట్లా రాసుకోండి, ఎక్కడ 1.6 మి.మీ.కి వచ్చినా ఆ టైరు పని అయిపోయినట్టే, మిగతా చోట్ల ఎంత ఉన్నా సరే.

నడిపే తీరు కూడా కలుస్తుంది. రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పుకీ ఎత్తుకీ ఒక లెక్క ఉంది, మన కాలనీల్లో ఎవరికి వాళ్లు రాత్రికి రాత్రి పోసే సిమెంట్ దిమ్మలకి ఆ రూల్ ఏదీ లేదు. కింద తగిలిన ప్రతిసారీ కాదు గానీ, గోతిలో గట్టిగా పడి స్టీరింగ్ కొంచెం పక్కకి తిరిగినట్టు అనిపిస్తే ఆ వారమే టో చూపించండి.

5,000 కి.మీ.కి ఒకసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. లోపలి అంచు కొంచెం ముందు అరుగుతోందని తేలితే ఇంకో దారి ఉంది, టైరుని రిమ్ము మీద నుంచి ఊడదీసి తిప్పి వేయించడం, లోపలి అంచు బయటికి వస్తుంది. దిక్కు గుర్తు లేని మామూలు టైర్లకి ఇది కుదురుతుంది. బాణం గుర్తున్న టైర్లయితే ఎడమదాన్ని తిప్పి కుడి రిమ్ముకి, కుడిదాన్ని తిప్పి ఎడమ రిమ్ముకి వేయించాలి, అప్పుడు బాణం దిక్కు సరిగ్గానే ఉంటుంది. బయటి వైపు ఇదే అని గోడ మీద రాసి ఉన్న టైర్లని మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు. తిప్పాక బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాలి. తీగలు కనపడ్డ టైరుకి ఇవేవీ వర్తించవు, స్టెప్నీగా కూడా ఉంచకండి.

ఇప్పుడు నా బండి మీద ఉన్న టైర్లు 14,000 కి.మీ తిరిగాయి. పోయిన ఆదివారం కొలిస్తే ముందు ఎడమ టైరు లోపల 4.9, మధ్యలో 5.3, బయట 5.2 మి.మీ. కుడి కూడా దాదాపు అంతే. 15,000 కి తిప్పి వేయిస్తా.